పాత టీవీకి స్టిక్కా, పాత కంప్యూటరా?

ప్రశ్న (కావలి నుంచి):
మా ఇంట్లో ఉన్న 40 అంగుళాల టీవీ స్మార్ట్ టీవీ కాదు గానీ, దానికి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు ఉన్నాయి. బొమ్మ ఇప్పటికీ చక్కగా వస్తున్నందున మార్చాలని లేదు. మా అబ్బాయి చదువుకునే రోజుల్లో కొన్న నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ అటక మీద ఉంది. దానిని టీవీకి తగిలిస్తే ఖర్చు లేకుండా పని జరుగుతుందని కొందరు, టీవీకి తగిలించి ఇంటర్నెట్ వీడియోలు చూసే స్ట్రీమింగ్ స్టిక్కు కొనమని మరికొందరు చెబుతున్నారు. అమ్మకు యూట్యూబులో హరికథలు కావాలి, నాకు ఓటీటీ సినిమాలు కావాలి. ఇవికాక ఇంట్లో జరిగిన పెళ్లిళ్ల వీడియోలు ఒక టెరాబైటు హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఏది మేలో చెప్పగలరు.

జవాబు 1 (ఒంగోలు నుంచి):
మీ అవసరాలలో మొదటి రెండింటికీ స్టిక్కే సరైనదండి. ఓటీటీ సంస్థలు తమ వీడియోలను వైడ్‌వైన్ అనే తాళంతో పంపుతాయి. ఆ తాళాన్ని చిప్పులోనే భద్రంగా తీసే ఎల్1 స్థాయి పరికరాలకు పూర్తి నాణ్యత ఇచ్చి, కంప్యూటరులోని క్రోమ్ వంటి ఎల్3 స్థాయి వాటికి చాలాచోట్ల నాణ్యత తగ్గిస్తాయి. ఊరూ పేరూ లేని ఆండ్రాయిడ్ బాక్సులలోనూ తరచుగా ఎల్3 మాత్రమే ఉంటుంది కనుక, అట్ట మీద 8కే అని రాసి ఉన్నా మోసపోవద్దు.

కరెంటు సంగతి కూడా చూడండి. పాత కంప్యూటర్ 70 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకు ఐదు గంటల చొప్పున నెలకు పదిన్నర యూనిట్లు అవుతుంది. నాలుగు వాట్ల స్టిక్కుకు ఒక్క యూనిట్ కూడా కాదు. పైగా నాలుగో తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అన్నిటికీ మించి, పెద్దావిడ చేతికి మౌసూ కీబోర్డూ ఇచ్చి హరికథ పెట్టుకోమనడం న్యాయం కాదు. రిమోటులో మైకు నొక్కి తెలుగులో పేరు చెబితే వెతికిపెట్టే స్టిక్కులు ఉన్నాయి.

జవాబు 2 (నెల్లూరు నుంచి):
పై మిత్రులు పెళ్లి వీడియోలను వదిలేశారు. నా అనుభవంలో అసలు చిక్కు అక్కడే ఉంది. పాత డీవీడీల నుంచి దించిన వీఓబీ ఫైళ్లు ఇంటర్‌లేస్డ్ పద్ధతిలో (ఒక్కో బొమ్మను గీత విడిచి గీతగా రెండు సగాలు చేసి దాచే పద్ధతి), 720×576 కొలతలో ఉంటాయి. ప్లేయర్ ఆ సగాలను సరిగా కలపకపోతే, తలంబ్రాలు పోసేటప్పుడు చేతుల అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. మా ఇంట్లో స్టిక్కు మీద ఇలాగే కనిపించి, కంప్యూటరులో వీఎల్‌సీ అనే ప్లేయర్‌తో డీఇంటర్‌లేస్ చేశాక, అంటే ఆ సగాలను సరిగా కలిపాక సర్దుకుంది. చాలా స్టిక్కులకు హార్డ్ డిస్కు తగిలించాలంటే విడిగా ఓటీజీ హబ్బు (కరెంటూ డిస్కూ రెండూ తగిలించుకునే చిన్న పరికరం) కావాలి. డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉంటే కొన్ని స్టిక్కులు దానిని గుర్తించవు, ఫ్యాట్32 అనే పాత పద్ధతికి మారిస్తే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

అయితే ఆ కంప్యూటరును హాల్లో పెట్టమని నేనూ చెప్పను. దాని ఫ్యాను మోత ముందు హరికథ వినపడదు. లోపలి గదిలో ఉంచి, డిస్కు తగిలించి, ఉచితంగా దొరికే జెల్లీఫిన్ అనే వీడియో సర్వర్ ప్రోగ్రాము వేయండి. స్టిక్కులోనూ అదే ఆప్ వేసుకుంటే వైఫై ద్వారా వీడియోలు హాల్లోకి వస్తాయి, అవసరమైనప్పుడు డీఇంటర్‌లేస్ చేసే పని కంప్యూటరే చూసుకుంటుంది. కావలసిన రోజున మాత్రమే దానిని ఆన్ చేయవచ్చు. మరొక మాట: స్టిక్కుకు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. పాత టీవీల పోర్టు తరచుగా అర ఆంపియరే ఇస్తుంది, స్టిక్కు మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. దానితో వచ్చిన అడాప్టరునే గోడకు పెట్టి, వీలైతే ఇన్వర్టర్ లైనుకు కలపండి.

కావలి నుంచి మళ్లీ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫైళ్లు చూశాను, అన్నీ వీఓబీలే. వాటిని చూసేది సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు మాత్రమే కనుక, స్టిక్కు ఇప్పుడే కొని, కంప్యూటరును పండుగ ముందు అటక దించుతాను. రౌటరుకూ హాలుకూ మధ్య రెండు మందపాటి గోడలు ఉన్నాయి; 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ అంతదూరం నిలుస్తుందా, లేక కంప్యూటరు నుంచి రౌటరుకైనా కేబులు లాగించాలా అన్నది తెలిసినవారు చెప్పగలరు.