బేగంబజార్ కలగలుపు సరుకా, ఒకే రకమా? మా ఇంట్లో తేలడం లేదు

మల్కాజిగిరి కోడలు
ఇంట్లో నేను, మా వారు, అత్తయ్యగారు, డిగ్రీ చదివే మరిది. ఆన్‌లైన్‌లో కొని అమ్మే వ్యాపారానికని రెండు లక్షలు పక్కన పెట్టాం. ముందు గది ఖాళీగా ఉంది, చేసే మనుషులున్నారు. ఏం అమ్మాలన్నదే తేలడం లేదు. మా వారి మాట: హైదరాబాద్ టోకు బజారు బేగంబజార్ వెళ్ళి వంటింటి సామాను, బొమ్మలు, ప్లాస్టిక్ డబ్బాలు, ఏది చవకగా దొరికితే అది తెచ్చి పెద్ద యాప్‌లలో పెడదాం, పోయినదాన్ని మళ్ళీ తెద్దాం. నా మాట: ఒకే రకం సరుకు, అంటే చీరలు, వాట్సాప్‌లో అమ్ముదాం. మరిదిది మూడో దారి: సరుకే కొనవద్దు, టోకు వాళ్ళ ఫోటోలు పంచుకుని ఆర్డరు వచ్చాక తెప్పిద్దాం. మొహమాటం లేకుండా చెప్పండి.

ఉస్మాన్‌గంజ్ పాతకాపు
మీ వారికే నా ఓటు. ఏ సరుకు కదులుతుందో ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు, కొనేవాళ్ళు చెప్పాలి. కొద్దికొద్దిగా పదిహేను రకాలు పెట్టి చూడండి, వాళ్ళే చెబుతారు. మొదటిసారి బజారుకు వెళ్ళినప్పుడు మాత్రం డబ్బు తీయవద్దు. అదే స్టీలు డబ్బాకు పెద్ద వీధిలో ఒక ధర, వెనక సందులో ఒక ధర, డజనుకు ఒకటి, గ్రోసుకు (పన్నెండు డజన్లకు) ఇంకొకటి. అన్నీ రాసుకుని ఇంటికి రండి. ఫోను కవర్లు, ఛార్జర్లు కావాలంటే కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది, కరెంటు సామానుకు ట్రూప్ బజార్ ఉంది. ఇన్ని టోకు బజార్లు ఊళ్ళోనే పెట్టుకుని ఒక్క చీరల దగ్గర ఆగిపోవడం ఏమిటి? సూరత్ చీరలు అమ్మే ఇల్లాలు ప్రతి అపార్టుమెంటులోనూ ఒకరున్నారు.

లెక్కల పుస్తకం
పాతకాపు గారూ, కదలడం వేరు, మిగలడం వేరు. వస్తువు 200కు తెచ్చి 380కి అమ్మారనుకుందాం. పన్ను, యాప్ రుసుములు, రవాణా, ప్యాకింగ్ కలిపి 110 పోతే 70 మిగిలింది. పది ఆర్డర్లలో రెండు వెనక్కి వచ్చాయి. ఒక్కోదానికి రానుపోను ఖర్చు 120 చొప్పున 240. ఆ రెండింటిలో ఒకటి సొట్టపడి అమ్మకానికి పనికిరాకుండా పోయింది, అదొక 200. ఎనిమిది అమ్మకాల మీద వచ్చిన 560లో చివరికి చేతికి అందేది 120. పది పార్శిళ్ళు కట్టినందుకు ఇంటిల్లిపాదికీ కలిపి 120 రూపాయలు!

ప్లాస్టిక్ డబ్బాలైతే మరీ దారుణం. బరువు తక్కువ కదా అనుకుంటారు. కొరియర్ వాళ్ళు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగించి, వచ్చిన అంకె అసలు బరువును మించితే దాన్నే కిలోలుగా లెక్క కడతారు. అన్ని వైపులా 30 సెంటీమీటర్లున్న పెట్టె లోపల గాలి ఉన్నా సరే, 5.4 కిలోలు. బొమ్మల సంగతి ఇంకొకటి: 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. సంచిలో గుత్తగా పోసి అమ్మే గుర్తులేని బొమ్మలు తెచ్చి పెడితే చిక్కు మీదే.

పన్ను మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. తెలంగాణలో సరుకులు అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవరు. ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. విజయవాడ వాళ్ళ వీడియో చూసి అదే మనకూ వర్తిస్తుందనుకోవద్దు. 2023 అక్టోబరు నుంచి పరిమితి లోపున్న చిన్నవాళ్ళు రిజిస్ట్రేషన్ లేకుండానే, ఒక నమోదు సంఖ్య తీసుకుని యాప్‌లలో అమ్ముకోవచ్చు. అయితే సొంత రాష్ట్రంలోనే. సరుకు రాష్ట్రం దాటితే, వాట్సాప్‌లో వచ్చిన ఆర్డరైనా సరే, రిజిస్ట్రేషన్ కావాలి. కొన్ని చేతివృత్తుల వస్తువులకు మినహాయింపు ఉంది, మీ సరుకు ఆ జాబితాలోకి వస్తుందో రాదో అకౌంటెంటు చేత చూపించుకోండి. రిజిస్ట్రేషన్ తీసుకున్నాక చిట్టీ మీద గీసిచ్చే కచ్చా బిల్లు ఎందుకూ కొరగాదు, కొన్నప్పుడు కట్టిన పన్ను దాని మీద మీకు జమ కాదు.

మరిది
వదినా, నేనూ ఈ చర్చ చదువుతున్నాను! లెక్కల పుస్తకం గారు చెప్పిందంతా నా మాటకే బలం. సరుకు కొనకపోతే సొట్టలూ లేవు, గది నిండా కదలని డబ్బాలూ లేవు. వచ్చిన ఆర్డరే తెప్పిస్తాం, పెట్టుబడి సున్నా.

కూకట్‌పల్లి మాజీ రీసెల్లర్
తమ్ముడూ, ఆ పద్ధతికి ఒక కాలం ఉండేది. మీషో 2015లో మొదలై, గృహిణులు వాట్సాప్‌లో ఫోటోలు పంచి అమ్మే దారిలోనే పెరిగింది. గ్లోరోడ్ కూడా అదే బాట, దాన్ని 2022లో అమెజాన్ కొనేసింది. ఆ తరువాత అదే యాప్‌లో కొనేవాళ్ళే నేరుగా కొనడం మొదలుపెట్టారు. ఇప్పుడు నువ్వు పంపిన ఫోటోను మీ పిన్నిగారు ఫోనులో వెతికితే అదే చీర, అదే మోడల్, నీ ధరకంటే వంద తక్కువకు కనబడుతుంది. నీకు ఆ వంద ఇవ్వాల్సిన అవసరం ఆవిడకు ఏముంది? పైగా నువ్వు కంటితో చూడని సరుకుకు నువ్వే జవాబుదారీ. రంగు తేడా వస్తే ఆవిడ అడిగేది నిన్నే, సూరత్ వాళ్ళను కాదు.

పెట్టుబడి సున్నా అన్నావు. నిజమే. పరపతి మాత్రం మీ వదినది.

లాడ్‌బజార్ పక్కవీధి
లక్క గాజుల మాట ఎవరూ ఎత్తలేదేం? హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తయారయ్యే చోటు ఆటోలో వెళ్ళివచ్చేంత దూరం, ఇతర ఊళ్ళవాళ్ళకు ఆ వీలు లేదు. కాకపోతే 2.4, 2.6, 2.8 అంటూ ప్రతి రంగులోనూ అన్ని సైజులు పెట్టుకోవాలి. దారిలో రాళ్ళు ఊడితే గొడవ. పెళ్ళికూతురి చీర ఫోటో పంపితే దానికి జోడీ కుదిర్చి ఇచ్చేవాళ్ళకు మాత్రం మంచి బేరం.

చేనేత బంధువు
కోడలి గారు చీరలు అంటున్నారు, ఏ చీరలో చెప్పలేదు. చీరలు అనడం, సరుకు అనడం ఒకటే, దాంతో ఏమీ తేలదు. పాతబస్తీలో మదీనా దగ్గర టోకు దుకాణాల్లో తీసుకుంటే కేటలాగ్ ప్రకారం సెట్టు మొత్తం ఎత్తాలి, నచ్చిన రెండు రంగులు మాత్రమే ఇవ్వరు. ఆరింటిలో నాలుగు పోయి రెండు బీరువాలో నిలిచిపోతాయి, మీ లాభం ఆ రెండింటిలోనే కూర్చుంటుంది.

మీకు చేనేత దగ్గర దొరుకుతుంది. పోచంపల్లి బస్సు దూరం. నారాయణపేట, గద్వాల మనవే. కానీ కంటికి తెలియాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే ముందు రంగు అద్ది తరువాత నేస్తారు కాబట్టి బట్ట రెండు వైపులా డిజైను ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కాస్త చెదిరినట్టు కనబడతాయి. అచ్చు వేసినదైతే వెనక్కి తిప్పగానే వెలవెలపోతుంది. పోచంపల్లికి 2005 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది. అచ్చు బట్టకు ఆ పేరు పెట్టి అమ్మితే అది మోసమే కాదు, చట్టంతోనూ తంటా. గద్వాలలో నూలు ఒంటికి పట్టు అంచు ఎలా అతికారో చూడటం వస్తే తప్ప అసలుదో కాదో చెప్పలేరు.

అందుకే నా ప్రశ్న వేరు. ఏం అమ్మాలని అడుగుతున్నారు. మీ నలుగురిలో ఎవరికి, ఏ వస్తువును చేత్తో పట్టుకుంటే మంచిచెడ్డలు తెలుస్తాయి? దానికి జవాబు చెప్పండి, సరుకు దానంతట అదే తేలుతుంది.

ఉస్మాన్‌గంజ్ పాతకాపు
ఇదంతా పుస్తకాల మాట. నేను చూసిన పెద్ద వ్యాపారుల్లో సగం మందికి మొదట్లో వాళ్ళు అమ్మే సరుకు గురించి ఏమీ తెలియదు. అమ్ముతూ నేర్చుకున్నారు.

చేనేత బంధువు
అమ్ముతూ నేర్చుకోవచ్చు, కాదనను. వాళ్ళకు దుకాణం ఉంది, ఉద్దెర ఇచ్చే టోకు వ్యాపారి ఉన్నాడు, నష్టాన్ని ఏడాదిపాటు మోసే ఓపిక ఉంది. వీళ్ళకు రెండు లక్షలున్నాయి.

మల్కాజిగిరి కోడలు
నాకూ, మా వారికీ నిజంగా ఏ సరుకూ పట్టి చూసి చెప్పేంత తెలియదు. అత్తయ్యగారు మాత్రం చాలా ఏళ్ళు ఇంట్లోనే బట్టలు కుట్టారు. ఎక్కువగా ఆడపిల్లల పట్టు లంగాలు, జాకెట్లు. ఇప్పటికీ ఎవరైనా బట్ట తెస్తే అంచు నలిపి చూసి ఇది ఉతికితే ముడుచుకుంటుందని చెప్పేస్తారు. ఇది ఇక్కడ రాయాలని తోచనే లేదు, ఆవిడ మానేసి చాలా కాలమైంది.

చేనేత బంధువు
అసలు మాట ఇప్పుడు చెప్పారు! పిల్లల పట్టు లంగాలు. ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు. చీరల్లో వెయ్యిమంది పోటీ ఉంటే ఇక్కడ పదిమంది ఉంటారు. అన్నప్రాశన, మొదటి పుట్టినరోజు, శ్రావణం, బతుకమ్మ, సంక్రాంతి, అన్నింటికీ కావాలి. వయసును బట్టి సైజు, నడుముకు నాడా, కాబట్టి సరిపోలేదని వెనక్కి పంపడం పెద్దల దుస్తులంత ఉండదు. కింద లోపలికి రెండు మడతలు కుట్టి వదిలితే వచ్చే ఏడాదికి ఒకటి విప్పుకోవచ్చు. అది ఫోటోలో చూపించండి, తల్లులు దానికోసమే కొంటారు. యంత్రం మీద గుట్టలుగా కుట్టినవాటిలో ఆ మడతలు తరచుగా ఉండవు.

బట్ట మీకు దగ్గరే. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తానుల్లోంచి మీటర్ల లెక్కన ఇస్తారు, కట్ పీసులు ఇంకా చవక. పిల్లల లంగాకు కట్ పీసు చాలు, చీర వ్యాపారికి అదే పనికిరాదు. ఆషాఢం తగ్గింపుల్లో బట్ట కొనండి, శ్రావణానికి కుట్టి సిద్ధం చేయండి.

లెక్కల పుస్తకం
2025 సెప్టెంబరు 22 నుంచి ముక్క ధర 2,500 రూపాయల వరకు ఉన్న దుస్తులకు జీఎస్టీ 5 శాతం, దాటితే 18. పిల్లల లంగా ఆ గీత లోపలే ఉంటుంది, అది మీకు కలిసివచ్చేది. కానీ ఇక్కడ అందరూ ఒక సంగతి దాటేస్తున్నారు. ఇది కొని అమ్మడం కాదు, తయారీ. ఆర్డర్లు పెరిగితే సరుకు పెంచడానికి బజారుకు వెళితే సరిపోదు, అత్తయ్యగారి చేతులు కావాలి. పండగ ముందు వారంలో అరవై లంగాలు అడిగితే ఎవరు కుడతారు?

కూకట్‌పల్లి మాజీ రీసెల్లర్
అంతకంటే ముందు ఇంకో ప్రశ్న. ఆవిడను ఎవరైనా అడిగారా?

మల్కాజిగిరి కోడలు
అడిగాను. ఈ చర్చంతా చదివి వినిపించాను. “నన్ను అడగకుండానే నా చేత దుకాణం పెట్టిస్తున్నారా ఈ మహానుభావులు?” అన్నారు మొదట. రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ ఆవిడే ఎత్తారు. మిషను మీద కూర్చోరట, నడుము సహకరించదు. కొలతలు, కత్తిరింపు, బట్ట ఎంపిక తనవి. కుట్టడానికి మా వీధిలో తన దగ్గర పని నేర్చుకున్న ఇద్దరున్నారు, ముక్కకు ఇంత అని ఇస్తే చేస్తారట. సూరత్ బట్ట, బెనారస్ బట్ట కలిపి అమ్మవద్దని కూడా షరతు పెట్టారు. మా వారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఫోటోలు, పార్శిళ్ళు మరిదివి.

లెక్కల పుస్తకం
అలాగైతే ఒక్క మాట పట్టుకోండి. కుట్టు కూలి ముందే కాగితం మీద రాసుకోండి, పండగ రోజుల్లో ఎంతో కూడా. అత్తయ్యగారి కత్తిరింపుకూ కూలి కట్టి ధరలో కలపండి, ఆవిడ వద్దన్నా సరే. ఇంటి మనిషి పనిని ఉచితంగా లెక్కేసి 900కు అమ్మడం అలవాటు చేస్తే, ఆవిడకు ఒంట్లో బాగాలేని నెలలో బయటి టైలరుకు ఇచ్చి కత్తిరించిన లంగా మీకు 1,050 పడుతుంది. అప్పుడు ధర పెంచితే పాత గిరాకీ నిలదీస్తుంది. మరిది పార్శిళ్ళకూ అంతే, రేపు అతనికి ఉద్యోగం వస్తుంది కదా.

మొదటి విడతకు రెండు లక్షలూ దించవద్దు. నాలుగు వయసులు, మూడు రంగులు, ఒక్కోటి రెండేసి కుట్టించి చూడండి. ఇరవై నాలుగు లంగాలు.

ఉస్మాన్‌గంజ్ పాతకాపు
మంచిదే, కుట్టుకోండి. అయినా కోడలి గారి భర్తకు నా మాట: ఇరవై వేలు విడిగా ఉంచి కార్తీకం లోపల బేగంబజార్‌లో ఇత్తడి కుందులు కొనండి. వాటికి సైజు గొడవ లేదు, పగలవు, ఫ్యాషన్ మారదు, ఈ ఏడాది మిగిలితే వచ్చే ఏడాది అమ్ముకోవచ్చు. తూకం వేయించి కిలో ధర మాట్లాడండి, జతల ధర అడగవద్దు.

మరిది
ఇత్తడి మోసేది నేనే అయితే ఆ కూలి కూడా పుస్తకంలో రాయండి.