మణికట్టు నొప్పికి పెన్ టాబ్లెట్ మందా? మౌస్ వదలాలా, వద్దా?

ఆల్బమ్ పనివాడు:
పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేయడం నా పని. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే రోజుకు పది గంటలు ఫోటోషాప్ ముందే ఉంటాను. పూలజడ చుట్టూ, చెదిరిన వెంట్రుకల చుట్టూ మౌస్‌తో కత్తిరించీ కత్తిరించీ కుడి మణికట్టు సలుపుతోంది. మా యజమానికి చెబితే, "ఇరవై ఏళ్లు మౌస్‌తోనే చేశాను, నాకేమైంది?" అంటున్నారు. మౌస్‌కు బదులు కంప్యూటర్‌కు తగిలించిన పలక మీద కలంతో గీసే పెన్ టాబ్లెట్ కొంటే నిజంగా ఫలితం ఉంటుందా, లేక అది బొమ్మలు గీసేవారి సరదానా?

వంకరగీత:
కొనండి. మౌస్ పట్టుకున్నంతసేపూ అరచేయి బోర్లా ఉంటుంది. అంటే ముంజేతిలోని రెండు ఎముకలు గంటల తరబడి మెలిపడి ఉంటాయి. కలం పట్టుకుంటే చేయి చిటికెనవేలి వైపుకు ఒరిగి ఆ మెలిక కొంత వీడుతుంది. పైగా మౌస్‌ను ఎత్తి మళ్లీ మళ్లీ వెనక్కి జరుపుకోవాలి. పలక మీద ఆ బాధ లేదు, దాని కుడి మూల తాకితే తెర మీదా కుడి మూలే. జడ అంచు వెంట ఒక్క ఊపులో వెళ్లిపోవచ్చు.

పాత కుర్చీ:
నేను ఒప్పుకోను. మూడేళ్లు వాడాను. మణికట్టు కుదుటపడింది, బొటనవేలి మొదట్లో కొత్త నొప్పి పట్టుకుంది. పరీక్షలో మూడు గంటలు రాసి బయటికి వచ్చాక వేళ్లు ఎలా ఉండేవో గుర్తుచేసుకోండి, అదే రోజూ. కలంతో డబుల్ క్లిక్ చేయడం మరో ప్రహసనం. ముందు కుర్చీ ఎత్తు చూసుకోండి, మోచేయి బల్ల ఎత్తుకు రావాలి. పక్కన అంకెల మీటలున్న కీబోర్డు మౌస్‌ను కుడికి తోసేస్తుంది. భుజం లాగుతుంటే ముందు దాన్ని అనుమానించాలి. ఇవేవీ సరిచేయకుండా వేలకు వేలు పోయడమెందుకు?

వంకరగీత:
వేళ్లు బిగించి పట్టుకుంటే అది కలం తప్పా? సెట్టింగుల్లో ఒత్తిడి తగ్గించుకుంటే తేలికగా తాకినా గీత పడుతుంది. కుర్చీ మాట మాత్రం నిజమే.

రెండు తెరలు:
ఇద్దరూ కొలత సంగతి వదిలేశారు. వేకమ్ కంపెనీ ఇంట్యూయస్ పలకల్లో చిన్నదానిలో గీసే చోటు 152 × 95 మిల్లీమీటర్లు. 24 అంగుళాల తెర వెడల్పు దానికి దాదాపు మూడున్నర రెట్లు. చేయి అంగుళం కదిలితే తెర మీద బాణం మూడున్నర అంగుళాలు పరుగెడుతుంది. కాబట్టి చిన్న పలక మీద పనంతా వేళ్లదీ మణికట్టుదే. మోచేయి నుంచి చేయి కదలాలంటే మధ్యరకమైనా కావాలి, అయితే అది బల్లంతా ఆక్రమిస్తుంది. పలక నిష్పత్తిని తెరకు సరిపెట్టడం మరవకండి, లేకపోతే సున్నా గీస్తే కోడిగుడ్డు వస్తుంది. రెండు తెరలుంటే ఒక్కదానికే కలపండి.

కలాన్ని ఎంత గట్టిగా నొక్కామో పలక గుర్తించే ఒత్తిడి స్థాయిలు 8192 అని పెట్టె మీద గొప్పగా వేస్తారు. 4096తో తేడా నా చేతికి ఎన్నడూ తెలియలేదు. దానికి బదులు కలంలో బ్యాటరీ లేనిది చూడండి. అది పలకలోని అయస్కాంత క్షేత్రం నుంచే శక్తి తీసుకుంటుంది, తేలికగా ఉంటుంది. హ్యూయన్, ఎక్స్‌పీ-పెన్ కంపెనీల పలకల్లో కూడా ఇలాంటివి దొరుకుతాయి. తెర ఉన్న పలకల జోలికి మాత్రం వెళ్లకండి, వాటిపై వంగి వంగి మెడ పోతుంది.

ఆల్బమ్ పనివాడు:
స్నేహితుడి దగ్గర తెచ్చి వారం వాడాను. మొదటి రెండు రోజులు చేయి ఒకచోట, చూపు ఒకచోట. మూడో రోజుకు కత్తిరింపు మౌస్ కంటే వేగంగా సాగింది. అక్షరాలు అమర్చడానికి, పేజీలు సర్దడానికి మాత్రం మౌసే నయం. దాన్ని ఎడమచేతికి మార్చాను. నొప్పి తగ్గింది, రాత్రిపూట తిమ్మిరి తగ్గలేదు.

పాత కుర్చీ:
తిమ్మిరా? ఈ మాట ముందే చెప్పాలి కదండీ! బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలేనా?

ఆల్బమ్ పనివాడు:
అవునండీ, ఆ మూడే. నిద్రలో లేచి చేయి విదిలించుకుంటున్నాను.

వంకరగీత:
అయితే నా "కొనండి" వెనక్కి తీసుకుంటున్నాను. మణికట్టు దగ్గర నరం నలిగితే అలా ఉంటుంది. ముందు డాక్టరుకు చూపించండి.

ఆల్బమ్ పనివాడు:
సోమవారం వెళ్తున్నాను. యజమానికి సెలవు అడిగితే ఆయనా చేయి చాపి చూపించారు. ఆయనకూ ఆ మూడు వేళ్లేనట.