డిప్లొమా ఈఈఈ (ఎలక్ట్రికల్) అయిపోతోంది, ఈసెట్ (డిప్లొమా వాళ్లకు బీటెక్ ఎంట్రన్స్) రాయాలా, వచ్చిన జాబ్‌లో చేరాలా?

కరెంటోడు_నల్గొండ:
అన్నలూ అక్కలూ, గవర్నమెంట్ పాలిటెక్నిక్‌ల ఈఈఈ ఫైనల్ సెమ్‌ల ఉన్న. మొన్న క్యాంపస్‌కి పటాన్‌చెరు దిక్కు ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీ ఒకటి వచ్చింది, సెలెక్ట్ అయిన. నెలకు 14 వేలు, క్యాంటీన్ ఫ్రీ, మూడు షిఫ్టులు. నాయినేమో బీటెక్ చెయ్ బిడ్డా నేను చూస్కుంట అంటడు, కానీ ఆయన నడిపే ట్రాలీ ఆటో కిస్తీలే ఇంకా అయిపోలే, చెల్లె ఇంటర్ సెకండియర్. ఈసెట్‌కి అప్లై అయితే చేసిన, ప్రిపరేషన్ అంతంతే. జాబ్‌ల చేరి తర్వాత బీటెక్ చేయొచ్చా? ఒకసారి వదిలేస్తే మళ్లీ పుస్తకం పట్టనేమో అని భయం. జర ఉన్నదున్నట్టు చెప్పండి, మోటివేషన్ వద్దు 🙏

లేటరల్_బ్యాచ్:
ముందు ఈసెట్ రాసెయ్ తమ్ముడూ, రాసినంత మాత్రాన చేరాలని రూలేం లేదు. 200 మార్కుల్లో 100 మన బ్రాంచ్ సబ్జెక్టులే, ఇప్పుడైతే బుర్రలో ఉన్నాయి, రెండేళ్లు షిఫ్టుల్లో తిరిగాక ఇండక్షన్ మోటార్ టార్క్ ఈక్వేషన్ కూడా గుర్తుండదు. మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క బిట్ కూడా ఖాళీగా వదలకు. మనోళ్లు కెమిస్ట్రీని అసలు ముట్టుకోరు, అది ఉన్నదే కాస్త సిలబస్, పది రోజులు కూర్చుంటే చాలా మార్కులు చేతికొస్తాయి.

చేరాక సుఖం అనుకోకు మాత్రం. డైరెక్టుగా సెకండియర్‌లో కూర్చోబెడతారు, ఇంటర్ నుంచి వచ్చినోళ్లు ఫస్టియర్‌లో మ్యాథ్స్, సి లాంగ్వేజ్ చేసేసి ఉంటారు, మనం మొదటి సెమ్ అంతా నోరెళ్లబెట్టి చూడటమే. ల్యాబ్‌లో మాత్రం సీన్ రివర్స్, మోటార్ స్టార్టర్‌కి కనెక్షన్ ఇవ్వమంటే క్లాసంతా మన బెంచీ చుట్టూ చేరుతుంది 😄

షాప్‌ఫ్లోర్_మామ:
బాబూ, బీటెక్ సంగతి తర్వాత. ఆ 14 వేలు జీతమా, స్టైపెండా? ఆఫర్ లెటర్‌లో "ట్రైనీ" అని ఉందా "అప్రెంటిస్" అని ఉందా చూసి చెప్పు. రెండూ ఒకటి కాదు.

కరెంటోడు_నల్గొండ:
మామా ఇప్పుడే చూసిన. అప్రెంటిస్, ఒక సంవత్సరం అని ఉంది. పర్ఫార్మెన్స్‌ని బట్టి తర్వాత తీసుకుంటం అని సార్ నోటితో చెప్పిండు, లెటర్‌ల లేదు. జాయినింగ్ రోజు ఒరిజినల్స్ తెమ్మన్నరు.

షాప్‌ఫ్లోర్_మామ:
నేననుకున్నదే. అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే ఏడాది అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీకి లేదు, పీఎఫ్ కూడా ఉండదు. అలాగని పనికిరానిదనట్లేదు, వైండింగ్ సెక్షన్‌లో, టెస్టింగ్‌లో ఏడాది నిలబడితే చేతికి పని వస్తుంది, సర్టిఫికెట్ వస్తుంది. కానీ నువ్వు దీన్ని పర్మనెంట్ జాబ్ లెక్కేసి బీటెక్‌తో పోలుస్తున్నావు, అక్కడ తేడా కొడుతోంది. ఒరిజినల్స్ చూపించి వెంటనే వెనక్కి తీసుకో, వాళ్ల బీరువాలో పెట్టనివ్వకు. బాండ్ ఏమన్నా ఉంటే సంతకం పెట్టకముందు ఇంట్లో నలుగురికీ చూపించు.

పట్టాలమీద_జేఈ:
గవర్నమెంట్ ఆలోచన ఉందా లేదా అది కూడా చెప్పాల్సింది బ్రో. రైల్వే జేఈ (జూనియర్ ఇంజనీర్), స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) జేఈ రెండిటికీ డిప్లొమా చాలు, బేసిక్ 35,400. ఇళ్లకి కరెంటిచ్చే డిస్కమ్‌లో సబ్ ఇంజనీర్‌కీ డిప్లొమా చాలు, అసిస్టెంట్ ఇంజనీర్‌కైతే బీటెక్ కావాలి. గేట్ ఎగ్జామ్ రాసి పీఎస్‌యూల్లో (గవర్నమెంట్ కంపెనీల్లో) ఆఫీసర్‌గా పోవాలన్నా బీటెక్కే. ఇంకోటి చాలామందికి తెలీదు, పవర్‌గ్రిడ్ డిప్లొమా ట్రైనీకి బీటెక్ ఉన్నోళ్లని తీసుకోరు, నోటిఫికేషన్‌లోనే రాస్తారు. అంటే బీటెక్ చేస్తే అన్ని తలుపులూ తెరుచుకుంటాయనేం లేదు, ఒకటీ అరా మూసుకుపోతాయి కూడా.

జాబ్ చేస్తూ చదవొచ్చా అన్నావుగా, చదవొచ్చు. ఏఐసీటీఈ (టెక్నికల్ కాలేజీలను చూసే కేంద్ర సంస్థ) పర్మిషన్‌తో వర్కింగ్ ప్రొఫెషనల్స్‌కి సాయంత్రం బీటెక్ నడిపే కాలేజీలు ఉన్నాయి, కాకపోతే ముందు ఏడాది ఎక్స్‌పీరియెన్స్ ఉండాలి, పనిచేసే చోటు కాలేజీకి దగ్గర్లో ఉండాలి. మూడు షిఫ్టుల కంపెనీలో ఉంటూ సాయంత్రం క్లాసంటే... నైట్ షిఫ్ట్ వారం ఎలా వెళ్తావ్, ఆలోచించుకో.

గోదారి_గట్టు:
మా తమ్ముడికీ ఇదే గొడవ అయింది, వాడు బీటెక్‌లో చేరాడు. మీ తెలంగాణ రూల్స్ వేరేమోగానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందిలే అని ధైర్యంగా ఉండకండి. గవర్నమెంట్ నుంచి డబ్బులు లేటయితే కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేసి ముందు మీరు కట్టండి అంటాయి, మా నాన్న అప్పు చేసి కట్టారు. అందుకే కౌన్సెలింగ్‌లో కాలేజీ ఆప్షన్లు పెట్టేటప్పుడు యూనివర్సిటీ కాలేజీలే పైన పెట్టుకోండి, ప్రైవేట్‌వి అయితే బస్సు ఫీజు, బిల్డింగ్ ఫీజు అంటూ ఏమేం లాగుతారో ఆ కాలేజీ సీనియర్లనే అడగండి, ఆఫీసులో అడిగితే చెప్పరు.

కరెంటోడు_నల్గొండ:
అందరికీ థాంక్స్. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టిన, ఏడాది తర్వాత ఏంది, బాండ్ ఉందా అని. ఈసెట్ సీరియస్‌గా రాస్త. ఓయూలనో జేఎన్‌టీయూలనో వస్తే చేరుత, లేకపోతే అప్రెంటిస్ చేసుకుంట జేఈకి చదువుత. లేటరల్ అన్నా, కెమిస్ట్రీ ఏ చాప్టర్‌తోటి మొదలువెట్టాలె?

లేటరల్_బ్యాచ్:
ఎలక్ట్రోకెమిస్ట్రీ, కరోజన్, వాటర్ టెక్నాలజీ. పాత పేపర్లు పక్కన పెట్టుకుని చెయ్, బిట్లు చాలావరకు అటూ ఇటూ అవే తిరుగుతాయి.