థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ ఒక్కటి చాలా, అన్నీ చేయించాలా?

కాకినాడ_కాజా:
అమ్మకి 68 ఏళ్లు. నీరసంగా ఉందంటే డాక్టరు గారు టీఎస్‌హెచ్ ఒక్కటే రాశారు. 6.8 వచ్చింది, నార్మల్ కంటే కాస్త ఎక్కువ. తర్వాత ఫ్రీ టీ4 చేయిస్తే నార్మల్. "ఇప్పుడే మందు వద్దు, రెండు నెలలాగి మళ్లీ చూద్దాం" అన్నారు. టీ3, యాంటీబాడీలు, కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్), ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) అన్నీ ఉన్న ప్యాకేజీ ఒకేసారి చేయించేద్దామని చెల్లెలు పట్టుబడుతోంది. నాకూ అదే సబబు అనిపిస్తోంది. మందు దగ్గర పిసినారితనం సరే, టెస్టు దగ్గర కూడానా? అసలు థైరాయిడ్ తయారుచేసేది టీ4 అయితే, ముందు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వదిలే టీఎస్‌హెచ్‌ని కొలవడమేంటి?

ల్యాబ్_కోటు:
తేడాని అందరికంటే ముందు పసిగట్టేది పిట్యూటరీయే కాబట్టి. మెదడులోని హైపోథాలమస్ టీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది, దానికి పిట్యూటరీ టీఎస్‌హెచ్ వదులుతుంది, అది థైరాయిడ్ చేత పని చేయిస్తుంది. రక్తంలో టీ4 చాలినంత ఉంటే పైన రెండూ తగ్గుతాయి. టీ4 సగానికి పడితే టీఎస్‌హెచ్ వంద రెట్ల దాకా పెరగగలదు. అందుకే టీ4 ఇంకా "నార్మల్"లో ఉండగానే టీఎస్‌హెచ్ లేస్తుంది.

ప్యాకేజీ సంగతి వినండి. ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది లోపల పడేలా నార్మల్ పరిధి గీస్తారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని టెస్టులు పది చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒకటి పరిధి దాటే అవకాశం దాదాపు 40 శాతం. సూది చూసి భయపడ్డా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. కార్టిసాల్ పొద్దున ఎక్కువ, రాత్రికి తక్కువ. సాయంత్రం తీసిన రక్తంలో తక్కువ వచ్చిందని ఎంతమంది టెన్షన్ పడతారో రోజూ చూస్తుంటాను.

నల్లమల_అక్క:
లెక్క బాగానే ఉందండీ, కానీ పిట్యూటరీయే చెడితే? మా పెద్దమ్మకి కాన్పులో విపరీతంగా రక్తం పోయింది. పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు. ఏళ్ల తరబడి నీరసం, చలి. ఎక్కడికెళ్లినా టీఎస్‌హెచ్ ఒక్కటే రాశారు, ప్రతిసారీ నార్మల్, బలం మందులిచ్చి పంపారు. చివరికి ఎండోక్రైనాలజిస్టు టీ4, కార్టిసాల్ చూస్తే రెండూ అడుగంటి ఉన్నాయి. కాన్పులో రక్తం పోయి పిట్యూటరీ దెబ్బతినే షీహన్ సిండ్రోమ్ అన్నారు. మీరు వెక్కిరించే ఆ ప్యాకేజీ అప్పుడుంటే ముందే దొరికేది కదా?

గుంటూరు_ఎండీ:
దొరికేదేమో అక్కా. కానీ "కాన్పయ్యాక పాలు పడ్డాయా, నెలసరి వచ్చిందా" అన్న రెండు ప్రశ్నలకి అంతకంటే ముందే దొరకాలి. పిట్యూటరీ దెబ్బతిన్నప్పుడు టీఎస్‌హెచ్ తక్కువగా, నార్మల్‌గా, ఒక్కోసారి కాస్త ఎక్కువగా కూడా ఉండొచ్చు. అక్కడ దాన్ని నమ్మకూడదు, టీ4 చూడాల్సిందే. ఇంకో ప్రమాదం, టీ4 తక్కువని కార్టిసాల్ లోటు తీర్చకుండా థైరాక్సిన్ (టీ4 మాత్ర) మొదలుపెడితే ప్రాణం మీదికొస్తుంది. ప్యాకేజీ రిపోర్టు పట్టుకుని మందుల షాపుకెళ్లేవాళ్లకి ఇది ఎవరు చెబుతారు?

కాజా గారూ, మీ అమ్మగారి కేసు వేరు. వయసుతో టీఎస్‌హెచ్ కొంత పెరగడం మామూలే. 65 దాటి, ఇలాగే టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి టీ4 నార్మల్‌గా ఉన్నవాళ్ల మీద యూరప్‌లో జరిగిన ట్రస్ట్ అధ్యయనం 2017లో వచ్చింది. థైరాక్సిన్‌తో అంకె దిగింది, నీరసం మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే ఏమీ తగ్గలేదు. గర్భిణులకీ, టీఎస్‌హెచ్ బాగా పెరిగినవాళ్లకీ ఈ మాట వర్తించదు.

నల్లమల_అక్క:
ఆ రెండు ప్రశ్నలు అడిగే తీరిక ఏ ఓపీలో ఉందండీ? ఉంటే మా పెద్దమ్మకి ఆ గతి పట్టేది కాదు.

ల్యాబ్_కోటు:
కాజా గారూ, అమ్మగారు జుట్టుకి బయోటిన్ (ఒక బి విటమిన్) బిళ్లలేమైనా వాడుతున్నారా? ఎక్కువ డోసు బయోటిన్ ఉంటే కొన్ని మెషీన్లు టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తాయి.

కాకినాడ_కాజా:
వాడుతోంది! చెల్లెలే తెచ్చిచ్చింది. అంటే అసలు అంకె ఇంకా ఎక్కువుండొచ్చా?

గుంటూరు_ఎండీ:
ఉండొచ్చు, టీ4 కూడా నమ్మలేం. కనీసం రెండు రోజులు, డోసు పెద్దదైతే ఇంకొన్నాళ్లు ఆపి, అదే ల్యాబ్‌లో పొద్దున టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ చేయించండి. బయోటిన్ సంగతి మీ డాక్టరుకి చెప్పండి.

నల్లమల_అక్క:
చూశారా, చివరికి రెండూ రాశారు. మొదటిసారే రెండూ కలిపి రాయమనేదే నా వాదన. ప్యాకేజీ నాకూ అక్కర్లేదు.

గుంటూరు_ఎండీ:
పిట్యూటరీ అనుమానం ఉన్నవాళ్లకి అలాగే రాస్తాం అక్కా. అందరికీ అంటే మాత్రం ఒప్పుకోను.