ఫేజ్ 1 క్యాప్సూల్: ఒట్టి మందు పొడి నింపితే చాలదా?

పొడిమనిషి:
మనుషులపై మొదటి ట్రయల్‌కి క్యాప్సూల్స్ చేయాలి. మా టీమ్ రెండుగా చీలిపోయింది. ఏమీ కలపకుండా మందునే నింపేద్దామని కొందరు, లాక్టోజ్, ఎంసీసీ (సెల్యులోజ్ పొడి) లాంటి మందుగుణం లేని పొడులు కలిపి ఫార్ములేషన్ చేద్దామని మిగతావాళ్లు. మీరేమంటారు?

తూకంరాళ్లు:
ఒట్టి మందే. ఫేజ్ 1కి వెళ్లిన మందుల్లో ఎక్కువ భాగం మధ్యలోనే ఆగిపోతాయి, దానికోసం నెలల తరబడి బ్లెండ్ (మందు, ఇతర పొడుల మిశ్రమం) మీద కూర్చోవడం దేనికి? ఎక్సెలోడోస్ లాంటి మెషీన్ ఉప్పుడబ్బాలోంచి చల్లినట్టు సన్నని చిల్లుల్లోంచి పొడి రాలుస్తూ ఒక్కో క్యాప్సూల్‌నీ తూచి నింపుతుంది. తేడా వచ్చినది పక్కకు పోతుంది. 100 మైక్రోగ్రాముల డోసూ నింపవచ్చు. బ్లెండ్ సమంగా కలిసిందా అన్న టెన్షనే లేదు, తూకమే డోసు.

సూదిపొడి:
పొడి రాలితే కదా! నేను చూసిన ఒక మందు సూదుల్లాంటి స్ఫటికాలు, పైగా స్టాటిక్ (విద్యుదావేశంతో అతుక్కుంటాయి). చిల్లులు మూసుకుపోవడం, ఆపి తుడవడం, మళ్లీ మొదలుపెట్టడం, రోజంతా అదే పని. ఇంకో సంగతి. 0 సైజు క్యాప్సూల్‌లో 0.68 మి.లీ. పడుతుంది. దూదిలా తేలికగా, మి.లీ.కి 0.2 గ్రాములుండే పొడి అయితే నొక్కకుండా పట్టేది 136 మి.గ్రా. 500 మి.గ్రా. డోసుకి నాలుగు మింగించాలి.

తూకంరాళ్లు:
మింగిస్తాం. ఫేజ్ 1లో వాలంటీర్ నాలుగు మింగితే కొంపలేం మునగవు.

చెమ్మ:
తూకమే డోసు అన్నారు, ఆ తూకంలో నీరెంతో చూశారా? తేమ పీల్చే మందైతే పొద్దున తూచిన పది మి.గ్రా., సాయంత్రం తూచిన పది మి.గ్రా. ఒకటి కావు. జెలటిన్ పెంకులోనే 13 నుంచి 16 శాతం నీరుంటుంది, మందు దాన్ని లాగేస్తే పెంకు పెళుసుబారుతుంది. అలాంటప్పుడు సెల్యులోజ్‌తో చేసే హెచ్‌పీఎంసీ పెంకు నయం.

నా అసలు భయం వేరే. నీటిలో సరిగా కరగని మందును ఒట్టిగా నింపితే, పెంకు కరిగాక కూడా లోపలి పొడి తడవకుండా ముద్దలా ఉండిపోవచ్చు. రక్తంలో మందు కనబడదు. అప్పుడు తప్పు ఎవరిదంటారు, మందుదా, క్యాప్సూల్‌దా? మంచి మందు అలా చెత్తబుట్టలో పడకూడదు.

తూకంరాళ్లు:
ఇది ఒప్పుకుంటాను. బాగా కరిగే మందుకే నా వాదన.

పొడిమనిషి:
మాది ఆమ్లంలో బాగానే కరుగుతుంది, ఆమ్లత్వం తగ్గిన పై పీహెచ్‌లో కరగదు. ముందు ఒట్టి పొడి క్యాప్సూల్స్‌కి రెండు పీహెచ్‌ల్లోనూ డిసొల్యూషన్ (మందు ఎంత కరుగుతుందో చూసే పరీక్ష) చేయించి, ముద్ద కడితే బ్లెండ్‌కి పోతాం.