మూడో తరగతిలో ముళ్లపూడి వెంకటరమణ గారి జయంతి: ‘బుడుగు’ను పిల్లలకు ఎలా వినిపించాలి?

ప్రశ్న: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, విజయనగరం జిల్లా

అందరికీ నమస్కారం. జూన్ 28 ముళ్లపూడి వెంకటరమణ గారి జయంతి. నిరుడు ఆ రోజు మా బడిలో ఆయన పటానికి దండ వేశాము. ఆయన 1931లో ధవళేశ్వరంలో పుట్టారనీ, బాపు గారితో కలిసి సినిమాలు తీశారనీ నేను ప్రార్థన సమయంలో కాగితం చూసి చదివాను. పిల్లలు చప్పట్లు కొట్టి, చాక్లెట్లు తీసుకుని తరగతులకు వెళ్లిపోయారు. మర్నాడు ఆయనెవరని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. అందులో వారి తప్పేమీ లేదు, ఎందుకంటే ఆయన రాసిన ఒక్క వాక్యాన్నయినా నేను వారికి వినిపించలేదు. ఒక అల్లరి పిల్లవాడు తన మాటల్లోనే చెప్పుకునే ఆయన పుస్తకం ‘బుడుగు’ను మా నాన్నగారు పైకి చదువుతుంటే పొట్ట పట్టుకుని నవ్విన దాన్ని, నా విద్యార్థులకు మాత్రం ఆ సంతోషం అందకుండా చేశానని ఏడాదంతా బాధపడ్డాను.

ఈసారి తప్పకుండా చదివి వినిపించాలని ఉంది. అయితే రెండు సందేహాలున్నాయి. జూన్ 12న బడి తెరిస్తే అప్పటికి గడిచేది రెండు వారాలే, ఒత్తులున్న మాటను కూడబలుక్కునే పిల్లలు వీరు. బుడుగు పలికే వంకర మాటలు విని అవే సరైనవనుకుంటారేమో. పైగా అది 1950లలో వారపత్రికలో పెద్దలు కూడా చదువుకుని నవ్వుకున్న రచన. ఎనిమిదేళ్ల పిల్లలకు అందులో ఎంతవరకు అందుతుందో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తూర్పు గోదావరి జిల్లా

అమ్మా, మీ మొదటి సందేహానికి జవాబు ఆ పుస్తకంలోనే ఉంది. బుడుగు తన స్నేహితురాలిని ‘సీగాన పెసూనాంబ’ అంటాడు. నల్లబల్ల మీద ఆ పేరు పక్కనే ‘శ్రీ జ్ఞాన ప్రసూనాంబ’ అని రాసి, ఒక్కొక్కరినీ పలకమనండి. నోరు తిరగక వారే తడబడి, వారే నవ్వి, ఒత్తులు ఎక్కడెక్కడ జారిపోయాయో వారే వేలు పెట్టి చూపిస్తారు. తప్పని తెలిసినప్పుడే కదా నవ్వు వచ్చేది! నేను ఎన్నోసార్లు చెప్పి చూశాను, ఒత్తుల పాఠం అంత ఇష్టంగా మరెప్పుడూ సాగలేదు.

చదవడం మాత్రం మీరే చదవాలి. పుస్తకం పిల్లల చేతికిచ్చి వాచకంలా చదివించకండి. ఒక్కరోజులో ముగించాలని కూడా అనుకోకండి. జయంతికి వారం ముందు మొదలుపెట్టి, రోజూ మధ్యాహ్న భోజనం తరువాత పది నిమిషాలు చాలు. బుడుగు తనను తాను పరిచయం చేసుకునే మొదటి భాగం వినిపించాక, ఎవరి గురించి వారిని చెప్పమని, వారు చెప్పింది చెప్పినట్టుగా మీరు చార్టు మీద రాయండి.

మా బడిలో అలా చేసినప్పుడు ఒక పిల్లవాడు లేచి, ఇంట్లో తనకు మూడు పేర్లున్నాయనీ, మేకలను తోలుకొచ్చేటప్పుడు నాన్న పిలిచే పేరుకే తాను పరుగెత్తుతాననీ చెప్పాడు. వాడికి అప్పటికి తన పేరు తప్ప మరేమీ రాయడం రాదు. నేను రాయడం ముగించగానే దగ్గరకు వచ్చి, ‘మేక’ అన్న మాట మీద వేలుంచి, “ఇది నేనన్నదేనా మాస్టారూ?” అని అడిగాడు. ఆ చార్టును బడి చివరి రోజు దాకా గోడ మీద నుంచి తీయనివ్వలేదు.

జవాబు 2: ఉపాధ్యాయిని, నల్లగొండ జిల్లా

మాస్టారు గారి పద్ధతి నాకు చాలా నచ్చింది, కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. ‘లావుపాటి పక్కింటి పిన్నిగారు’ అన్న పిలుపు వినగానే మా తరగతిలో ఒక బొద్దు పాపను నలుగురు అలాగే పిలవసాగారు. ఆ పాప రెండు రోజులు బడికి రాలేదు. ముందుగా ఆలోచించకపోవడం నా పొరపాటు. అందువల్ల భాగాలను ముందే ఎంచుకోండి, ప్రైవేటు మాస్టారు, దెబ్బల ప్రస్తావన వచ్చే చోట కూడా కాస్త ఆగి పిల్లలతో మాట్లాడండి.

భాష గురించి మరొక మాట. మా పిల్లల్లో ‘బామ్మ’ అనేవారు లేరు, ‘అవ్వ’ అంటారు. రమణ గారు ఒక పిల్లవాడి నోటిమాటను దిద్దకుండా సాహిత్యంలోకి తెచ్చారు కనుక, మా పిల్లలు ‘గట్ల’, ‘గిట్ల’ అంటే చార్టు మీద నేనూ అలాగే రాస్తాను. బడి భాష నేర్పడానికి ఏడాదంతా ఉంది.

నాలుగు, అయిదు తరగతుల వారికైతే రమణ గారి బాల్యమే చెప్పండి. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, తల్లితో మద్రాసు చేరి, ఇబ్బందుల మధ్య చదువుకున్న ఆ అబ్బాయి మొదటి కథ 1945లో, ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు గారి ‘బాల’ పత్రికలో అచ్చయింది. ఆ ఉత్సాహంతో ‘ఉదయభాను’ అనే పత్రిక మొదలుపెట్టి, తానే సంపాదకుడై, బొమ్మల పని ఒక స్నేహితుడికి అప్పగించారు. ఇది విన్న వెంటనే మా అయిదో తరగతి పిల్లలు తామూ పత్రిక తీస్తామన్నారు. నాలుగు తెల్లకాగితాలు మడిచి, నడుమ దారంతో కుట్టాము. ఎవరు సంపాదకులన్న దానిపై పెద్ద తగవే జరిగింది.

జవాబు 3: వారాంతపు తెలుగు తరగతి ఉపాధ్యాయిని, న్యూజెర్సీ

మా తరగతికి జూన్‌లో సెలవులు కాబట్టి, మేము ‘బుడుగు’కు బొమ్మలు గీసిన బాపు గారి పుట్టినరోజైన డిసెంబరు 15కు దగ్గరి ఆదివారం ‘బుడుగు’ చదువుతాము. మా పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం తక్కువ. అందుకని ముందు అక్షరాలను కాగితంతో మూసి బాపు గారి బొమ్మ మాత్రమే చూపిస్తాను. ఈ అబ్బాయి ఏం చేయబోతున్నాడో ఊహించమంటే, మాటల కోసం వెతుక్కుంటూనే ఎంతసేపైనా తెలుగులోనే చెబుతారు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మాస్టారు గారు చెప్పినట్టు వారం ముందే మొదలుపెట్టి, నేనే చదువుతాను. నల్లగొండ టీచరు గారి అనుభవం విన్నాక పిన్నిగారి భాగాలను ఈ ఏడాదికి పక్కన పెడుతున్నాను. మా నాన్నగారి దగ్గర అట్ట ఊడిన పాత ప్రతి ఉంది. ఆదివారం వెళ్లి తెచ్చుకుని, వినిపించాల్సిన చోట్ల పెన్సిలుతో గుర్తులు పెడతాను. పటానికి దండ ఈసారీ ఉంటుంది, కానీ ఆ రోజు చదవడం పూర్తయ్యాక పిల్లల చేతనే వేయిస్తాను.