ఎగ్జిక్యూటివ్ సెర్చ్ (కంపెనీలకు పై స్థాయి అధికారులను వెతికి కుదిర్చే) రంగంలో అసలు ప్రభావం ఎవరిది: పేరున్న సీఈఓలను కుదిర్చినవారిదా, పని పద్ధతిని మార్చినవారిదా?

చర్చ ప్రారంభించినవారు:
ఈ రంగంలో ప్రభావశీలుర గురించి మాట వచ్చినప్పుడల్లా పెద్ద కంపెనీలకు సీఈఓలను కుదిర్చిన కన్సల్టెంట్ల పేర్లే ముందుకు వస్తాయి. 1983లో పెప్సీ నుంచి జాన్ స్కల్లీని ఆపిల్‌కు చేర్చిన అన్వేషణ హైడ్రిక్ అండ్ స్ట్రగుల్స్ అనే సెర్చ్ సంస్థకు చెందిన జెరార్డ్ రోష్‌ది. 1993లో ఐబీఎం సీఈఓగా లూ గెర్స్ట్‌నర్ ఎంపికైన అన్వేషణలో రోష్‌తో పాటు స్పెన్సర్ స్టువర్ట్ సంస్థ తరఫున టామ్ నెఫ్ పనిచేశారు. అయినా నేను అగ్రస్థానం ఇచ్చేది ఈగాన్ జెండర్‌కే. స్పెన్సర్ స్టువర్ట్‌లో పనిచేసి, 1964లో జ్యూరిక్‌లో సొంత సంస్థ పెట్టుకున్న ఆయన, అభ్యర్థి తొలి ఏడాది జీతంలో సుమారు మూడో వంతును ఫీజుగా తీసుకునే ఆనవాయితీని పక్కన పెట్టి, ఫీజును ముందే ఖాయం చేసే పద్ధతిని ఎంచుకున్నారు. అభ్యర్థి జీతం పెరిగిన కొద్దీ తన ఫీజూ పెరిగే కన్సల్టెంటు, జీతం దగ్గర బేరం వచ్చేసరికి ఎవరి పక్షాన నిలబడినట్టు?

నియామకాల విభాగం ఉద్యోగి:
ప్రశ్న బాగుంది కానీ, ఆ పద్ధతిని మిగతా పెద్ద సంస్థలు అనుసరించలేదు కదా. మూడో వంతు లెక్క నేటికీ ఈ రంగంలో సాధారణమే. పోటీదారులు స్వీకరించని పద్ధతిని ఆదర్శం అనవచ్చు, ప్రభావం అనలేము. ఐబీఎం సంగతి వేరు. బిస్కట్లు, సిగరెట్లు అమ్మే ఆర్‌జేఆర్ నబిస్కోను నడిపిన వ్యక్తి చేతికి కంప్యూటర్ల కంపెనీని అప్పగించవచ్చని ఆ ఎంపిక నిరూపించింది. బయటి రంగం వారిని పరిశీలించడానికి జంకే బోర్డులకు అంతకంటే బలమైన ఉదాహరణ ఏముంటుంది?

చర్చ ప్రారంభించినవారు:
ఆ ఘనతను కన్సల్టెంటుకు కట్టబెట్టడంలోనే నాకు అభ్యంతరం ఉంది. ఎంపిక చేసేది బోర్డు, కంపెనీని నిలబెట్టేది ఎంపికైన వ్యక్తి. స్కల్లీని ఒప్పించడానికి స్టీవ్ జాబ్స్ స్వయంగా ఎంత వెంటపడ్డారో అందరికీ తెలిసిందే. 1985లో స్కల్లీతో విభేదాలు వచ్చి అదే జాబ్స్ ఆపిల్‌ను వదిలి వెళ్లవలసి వచ్చింది. మొదటిది రోష్ ఖాతాలో వేస్తే రెండోది ఎవరి ఖాతాలో వేయాలి? జెండర్ చేసినది మాత్రం అచ్చంగా ఆయనదే. భాగస్వాములకు ఎవరు తెచ్చిన వ్యాపారాన్ని బట్టి వారికి కాకుండా, సమాన వాటాతో పాటు సంస్థలో గడిపిన కాలాన్ని బట్టి ప్రతిఫలం ఇవ్వడం ఎందుకు మేలో 2001లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఆయనే వివరించారు. ఎవరి బిల్లింగు వారిదే అయిన చోట, తన పరిచయాలను పక్క కార్యాలయంతో పంచుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

రీసెర్చ్ విభాగంలో పనిచేసినవారు:
ఇద్దరూ పై అంతస్తులోని పేర్లే చెబుతున్నారు. క్లయింటు నుంచి ముందుగానే రుసుము తీసుకుని వెతికే రిటైనర్ పద్ధతికి 1926లో న్యూయార్క్‌లో థార్న్‌డైక్ డీలాండ్ పునాది వేశారు. 1946లో బోయ్‌డెన్ అనే సెర్చ్ సంస్థను, 1953లో హైడ్రిక్ అండ్ స్ట్రగుల్స్‌ను స్థాపించినవారు బూజ్ అలెన్ అనే మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ సంస్థ నుంచి బయటికి వచ్చినవారే. పైగా రోజువారీ పని ఫోనులో జరుగుతుంది. "ఈ పదవికి తగినవారు మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతాము, అవతలి వ్యక్తి ఒక్క క్షణం ఆగి, "పదవి ఎక్కడ?" అని అడిగితే, ఆయన ఇతరుల గురించి ఆలోచించడం లేదని అర్థం. 2003లో మొదలైన లింక్డ్‌ఇన్ పేర్లను అందరికీ అందుబాటులోకి తెచ్చింది కనుక, జాబితా తయారీ వరకు చూస్తే దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన రీడ్ హాఫ్‌మన్ ప్రభావమే ఎక్కువ. ఉద్యోగం వెతుక్కోని మనిషిని గుట్టు బయటపడకుండా కదిలించే పనిని మాత్రం అది తీసుకోలేకపోయింది.

నియామకాల విభాగం ఉద్యోగి:
రిటైనర్ మాటతో ఏకీభవిస్తాను. అయితే జెండర్ పద్ధతిపై నా సందేహం తీరలేదు. ఫీజు ముందే ఖాయమైతే, పని త్వరగా చుట్టబెట్టి తదుపరి క్లయింటు దగ్గరికి వెళ్లాలన్న ఆశ కన్సల్టెంటుకు కలగదా?

చర్చ ప్రారంభించినవారు:
కలుగుతుంది, శాతం పద్ధతిలోనూ కలుగుతుంది. కుదిర్చిన వ్యక్తి ఏడాదిలోపు వెళ్లిపోతే మళ్లీ ఫీజు లేకుండా వెతకాలన్న షరతును ఒప్పందాల్లో తరచుగా రాసుకోవడం అందుకే. తొందరను ఆ షరతు కొంతవరకు అదుపు చేస్తుంది. జీతం పెంచి కుదిర్చే ప్రలోభాన్ని అదుపు చేసే షరతు మాత్రం శాతం పద్ధతిలో నాకు కనిపించలేదు.